కుంటే బాతు పిల్ల దొరికితే: మొదటి గంట నుంచి మూడో వారం దాకా

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో సంత ముగిసి గంపలు ఎత్తేశాక, కాలువ గట్టున ఒక్కోసారి పసుపు ముద్దలాంటిదేదో మిగిలిపోతుంది. దగ్గరకు వెళ్తే బాతు పిల్ల. వెదురు గంపలో నలభై పిల్లల కింద నలిగి, కాళ్లు చెరో పక్కకు జారిపోయి, లేవలేక ఉంటుంది. నాకు మొదటిది అలాగే దొరికింది. ఇంటికి తెచ్చి, కాలు విరిగిందని నేనే నిర్ణయించేసి, ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టి నాలుగు రోజులు కట్టు కట్టాను. కాలు విరగలేదు. ఆ నాలుగు రోజులూ దానికి కావాల్సింది కట్టు కాదు, తిండి. పిల్ల బతికింది గానీ కాళ్లు విల్లులా వంగి అలాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత ఇంకో ఆరేడు పిల్లలు నా చేతికొచ్చాయి. వాటితో తెలిసిందేమిటంటే, కాలు బాగా లేని పిల్లల్లో చాలా వాటికి జబ్బు కాలిలో ఉండదు. కింద పరిచిన నేలలోనో, గిన్నెలో పోసిన నూకల్లోనో ఉంటుంది. అందుకే కట్టు గురించి చివర్లో చెబుతాను.

ముందు అది ఎవరి పిల్లో చూడండి

సంతలో అమ్మే నాటు బాతు పిల్లలు పసుపుగానో, మట్టి రంగులోనో ఉంటాయి. మన వైపు పల్లెల్లో పొదుగు కోడి కింద బాతు గుడ్లు పెట్టి పిల్లలు తీయించడం మామూలే. కోడి గుడ్డుకు 21 రోజులైతే బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది. అలాంటి పిల్లయితే ఊళ్లోనే దాని యజమాని ఉంటారు, అడిగి చూడండి.

నల్లటి ఒంటి మీద కొట్టొచ్చినట్టు తెల్లచారలున్న పిల్ల చెరువు గట్టున దొరికితే అది అడవి బాతుది కావచ్చు. దానికి దెబ్బ లేకపోతే అక్కడే ఓ మూల దూరంగా నిలబడి చూడండి, తల్లి రావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షిని ఇంట్లో పెంచుకోకూడదు. దెబ్బ తగిలి ఉంటే అట్టపెట్టెలో పెట్టి అటవీ శాఖ వాళ్లకు అప్పగించాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా పెంపుడు బాతు పిల్లల గురించే.

చుట్టుపక్కల కోళ్లు, బాతులు, కాకులు ఒకేసారి చనిపోతున్నాయని వింటే మాత్రం ఏ పిల్లనూ ముట్టుకోకండి. బర్డ్ ఫ్లూ భయం ఉత్తది కాదు. మన దేశంలో అది మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. అలాంటప్పుడు పశువుల ఆసుపత్రికి కబురు చేయడమే మీ పని.

మొదటి గంట: కాలి జోలికి వెళ్లొద్దు

పిల్లను తెచ్చిన వెంటనే కాలు లాగి చూడాలని చెయ్యి ఊరుకోదు. ఆగండి. చల్లబడిన పిల్ల కాలు నొప్పితో కాదు, చలితో పోతుంది. ముక్కు, కాళ్లు చల్లగా తగిలితే ముందు వెచ్చదనం కావాలి.

అట్టపెట్టెకు ఒక మూల 40 వాట్ల పాత రకం బల్బు వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు, ఈ తప్పు చాలామంది చేస్తారు. మొదటి వారం బల్బు కింద 32 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. రెండో మూల చల్లగా వదిలేయండి. వేడెక్కితే పిల్ల అటు జరగాలి. కుంటి పిల్ల జరగలేదు కదా, అందుకే గంటకోసారి మీరే చూడాలి. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, ఆపకుండా కీచుమంటుంటే చలి వేస్తున్నట్టు.

కరెంటు పోతే? తిత్లీ తుఫాను తర్వాత, 2018 అక్టోబరులో, గజపతి జిల్లాలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకో చెప్పక్కర్లేదు. వాటర్ బాటిల్‌లో వేడి నీళ్లు పోసి, పాత లుంగీ గుడ్డ రెండు మడతలు చుట్టి పిల్ల పక్కన పెట్టండి. గంటన్నరకోసారి నీళ్లు మార్చాలి.

వెచ్చబడ్డాక నీళ్లు. ముక్కు కొనను గోరువెచ్చటి నీళ్లలో ముంచితే తనే తాగుతుంది. డ్రాపర్‌తో గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇవ్వాల్సిన గిన్నె కూడా ముక్కు రంధ్రాలు మునిగేంత లోతుండాలి, ఒళ్లు దిగేంత వెడల్పు ఉండకూడదు. టీ గ్లాసు అడుగున గులకరాళ్లు వేసి పెడితే సరిపోతుంది.

ఇప్పుడు కాలు చూడండి

ఒక మాట ముందే చెప్పాలి. బాతు కాలికి మధ్యలో వెనక్కి వంగే కీలు చూసి అందరం మోకాలు అనుకుంటాం. అది దాని మడమ. అసలు మోకాలు పైన, ఈకల్లో దాగి ఉంటుంది. డాక్టరుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ‘మోకాలు వాచింది’ అంటే ఆయన వేరే చోటు ఊహించుకుంటాడు. ‘బయటకు కనిపించే కీలు’ అని చెప్పండి.

పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకుండా, చేతిలో బోర్లా పట్టుకుని రెండు కాళ్లూ పక్కపక్కన పోల్చండి. ఎప్పుడూ పోల్చి చూడాలి, ఒక్క కాలే చూస్తే ఏదీ తెలియదు. వాపు ఎక్కడ, వేడి ఎక్కడ, వేళ్ల మధ్య పొర చిరిగిందా, అరికాలి కింద నల్ల మచ్చ ఉందా? నైలాన్ దారం చుట్టుకుందేమో ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. వలల దారం చర్మంలోకి దిగిపోతే పైకి వాపు మాత్రమే కనిపిస్తుంది.

తర్వాత వేలి కొనను మెల్లగా నొక్కండి. కాలు వెనక్కి లాక్కుంటే నరం పనిచేస్తోంది, సగం టెన్షన్ తీరినట్టే. రెండు కాళ్లూ లాక్కోకపోతే నడుముకో, నరాలకో దెబ్బ. కాళ్లతో పాటు మెడ కూడా వాలిపోతే కుళ్లిన నీటి గుంటలో విషం తగిలి ఉండొచ్చు. తల వెనక్కి విరుచుకుని పక్కకు పడి కాళ్లు తన్నుకుంటుంటే అది అంటువ్యాధి కావచ్చు. ఈ మూడింట్లో ఏది కనిపించినా కింద రాసినవేవీ ప్రయత్నించకుండా నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

నేల

న్యూస్‌పేపరు తీసేయండి. నున్నటి కాగితం మీద, టైల్స్ మీద బాతు పిల్ల కాళ్లు పక్కలకు జారతాయి. రెండు మూడు రోజుల్లో తుంటి దగ్గర కీళ్లు అలాగే అలవాటు పడతాయి. గోనె పట్టా లేదా గరుకు టవల్ పరవండి. పోగులు వేలాడితే కత్తిరించండి, వేళ్లకు చుట్టుకుంటాయి. బాతు ఉన్నచోట తడి తప్పదు కాబట్టి రోజుకు మూడుసార్లైనా మార్చాలి. తడి పరుపు, గరుకు సిమెంటు రెండూ అరికాళ్లను పాడు చేస్తాయి.

తిండి: నూకల సంగతి

మా పక్కింటి అప్ప నా మొదటి పిల్లను చూసి, ‘ఏటమ్మా, గుప్పెడు నూకలెయ్యి, అదే లేచి నడుస్తాది’ అంది. ఆవిడ మాట కాదనలేక అదే చేశాను. తప్పు ఆవిడది కాదు, కోడి పిల్లలు నూకలు తిని, పెరడంతా గీకి పురుగులు ఏరుకుని బాగానే పెరుగుతాయి. పెట్టెలో కూర్చున్న బాతు పిల్లకు పురుగులెక్కడివి?

బాతు పిల్లకు నియాసిన్ అనే బి3 విటమిన్ కోడి పిల్ల కంటే ఎక్కువ కావాలి. మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ నుంచి కొంత నియాసిన్ ఒంట్లోనే తయారవుతుంది గానీ, బాతుకు ఆ పని సరిగ్గా చేతకాదు. లెక్క చూడండి. బాతు పిల్ల తినే కిలో మేతలో 55 మిల్లీగ్రాముల నియాసిన్ ఉండాలి, బాయిలర్ కోడి పిల్లకు 35 చాలు. పాలిష్ పట్టిన కిలో బియ్యంలో ఉండేది 16, 17 మిల్లీగ్రాములు. అంటే నూకలు మాత్రమే తినే పిల్లకు కావాల్సినదాంట్లో మూడో వంతు కూడా అందదు. తవుడులో చాలా ఉంటుంది నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం గట్టిగా అంటుకుని ఉండి ఒంటికి పట్టదు. మనుషుల్లో ఇదే లోటుతో వచ్చేది పెల్లాగ్రా. జొన్న ఎక్కువగా తినే దక్కన్ పల్లెల్లో ఆ జబ్బు ఎందుకొస్తుందని 1960ల్లో హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ పరిశోధించారు.

లోటు ఉన్న పిల్ల ఎలా ఉంటుందంటే: నాలుగడుగులు వేసి కూర్చుంటుంది, మడమ కీలు ఉబ్బుతుంది, కాళ్లు విల్లులా వంగుతాయి, కొన్ని మడమల మీదే పాకుతాయి. దెబ్బ ఆనవాళ్లేవీ ఉండవు, రెండు కాళ్లూ దాదాపు ఒకేలా పాడవుతాయి. మీకు అనుమానంగా ఉన్నా నియాసిన్ మొదలుపెట్టేయండి. తక్కువ మోతాదులో దీనితో నష్టం లేదు, ఆలస్యమైతే మాత్రం వంపు సరికాదు.

మెడికల్ షాపులో నియాసినమైడ్ ఉన్న బి-కాంప్లెక్స్ అడగండి. చీటీ మీద ఎన్ని మిల్లీగ్రాములో చదవండి. లీటరు తాగే నీళ్లకు 30 నుంచి 40 మిల్లీగ్రాములు పడేలా కలపాలి. ఉదాహరణకు ఒక క్యాప్సూల్‌లో 100 మిల్లీగ్రాములుంటే దాని పొడిని మూడు భాగాలు చేసి ఒక భాగం లీటరుకు కలపండి. రోజూ కొత్తగా కలపాలి, ఎండ తగలనివ్వకూడదు. వేరే నీళ్లు అందుబాటులో ఉంచొద్దు. పశువుల మందుల షాపులో దొరికే బి-కాంప్లెక్స్ టానిక్ కూడా పనికొస్తుంది, అందులోనూ నియాసినమైడ్ ఎంతో చూశాకే. బ్రూయర్స్ ఈస్ట్, అంటే బీరు తయారీలో మిగిలే ఈస్ట్ పొడి, దొరికితే వంద గ్రాముల మేతకు 5 గ్రాములు కలపొచ్చు. మా ఊళ్లో నాకు దొరకలేదు. బేకరీలో పిండి పొంగించే ఈస్ట్ అది కాదు, దాన్ని వాడితే కడుపులో పులుస్తుంది.

మామూలుగా రెండు మూడు రోజుల్లో కాలి మీద బరువు వేయడం మొదలవుతుంది. తేరుకుందని మానేయకండి, ఎదిగే కాలమంతా ఇవ్వాలి.

మేత విషయానికొస్తే, కోళ్ల దాణా అమ్మే చోట బాయిలర్ స్టార్టర్ తీసుకోండి, మందు కలపనిది. రక్తవిరేచనాల మందు కలిపిన దాణా కోడి పిల్ల తినే లెక్కకు చేస్తారు. బాతు పిల్ల దానికంటే ఎక్కువ తింటుంది, మోతాదు దాటిపోతుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణా అసలే వద్దు, అందులోని సున్నం పిల్ల మూత్రపిండాలకు పడదు. దాణా కొద్దిగా తడిపి పెట్టండి. పక్కనే ఉడికించిన గుడ్డు చిదిపి, తోటకూర సన్నగా తరిగి, ఉడికించిన బఠాణీలు మెదిపి పెట్టొచ్చు. బఠాణీలు మంచివే గానీ వాటితోనే కాళ్లు నయమవుతాయని నమ్మకండి. మూడో వారం నుంచి దాణాలో కాస్త చోడి (రాగి) కలిపి మాంసకృత్తులు తగ్గించాలి, లేకపోతే రెక్క చివరలు బయటకు తిరిగిపోతాయి.

వేరుశనగలో నియాసిన్ బాగా ఉంటుందని వేరుశనగ చెక్క పెట్టేవాళ్లున్నారు. ఇక్కడ చాలా జాగ్రత్త. బూజు పట్టిన వేరుశనగలోని అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతు పిల్లంత తేలిగ్గా బలయ్యే పక్షి మరొకటి దాదాపు లేదు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయాక, వాటి మేతలోని వేరుశనగ చెక్కను వెతికితేనే ఈ విషం బయటపడింది. ఆ చెక్క తిన్న బాతు పిల్లలూ చచ్చిపోయాయి. వానాకాలం మన ఇళ్లలో నిలవ ఉన్న చెక్కను నేను ముట్టుకోను. ఉప్పు చేప పొడి కూడా అంతే, ఉప్పు బాతు పిల్లకు విషం.

ఎండ మర్చిపోకండి. పొద్దున్నే ఓ అరగంట నీడ పక్కనే ఎండలో కూర్చోబెడితే డి విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే ఎముకలు, ముక్కు రబ్బరులా మెత్తబడతాయి. గద్ద, పిల్లి రెండూ ఇదే సమయం కోసం చూస్తుంటాయి, పక్కనే ఉండండి.

ఏ కాలికి ఏ కట్టు

*కాళ్లు చెరో పక్కకు పోతుంటే:* ఇది మొదటి వారంలో బాగా కుదురుతుంది. మైక్రోపోర్ టేపు సెంటీమీటరు వెడల్పు కత్తిరించి, మడమ కీలుకు కింద, పాదానికి పైన రెండు కాళ్లకూ ఎనిమిది అంకెలా చుట్టండి. మధ్య ఎడం పిల్ల మామూలుగా నిలబడితే ఎంత ఉంటుందో అంతే. దగ్గరగా కట్టేస్తే ముందుకు పడిపోతుంది. ఉదయం, సాయంత్రం పాదం వాచిందా చూడాలి. రెండు రోజులకోసారి విప్పి నడిపించండి, చాలా వాటికి వారం లోపే చాలు. కట్టుతో నీళ్లలో వదిలితే మునిగిపోతుంది, ఎప్పుడూ వదలొద్దు.

*వేళ్లు లోపలికి ముడుచుకుంటే:* తరచుగా బి2 లోటు, కాబట్టి బి-కాంప్లెక్స్ ఎలాగూ పనికొస్తుంది. పాదానికి చెప్పు చేయాలి. అట్టతో చేస్తే గంటలో నానిపోతుంది. పాత ఫైలు ప్లాస్టిక్‌ను పాదం ఆకారంలో కత్తిరించి, వేళ్లు విడదీసి, పై నుంచి టేపు వేయండి. రెండు నుంచి నాలుగు రోజులు.

*ఒక కాలు పక్కకు తిరిగి, మడమ వెనక భాగం చదునుగా ఉంటే:* స్నాయువు గాడిలోంచి జారింది. మనవాళ్లు నరం తప్పింది అంటారు. మామూలు కాలికి మడమ వెనక తాడులా తగులుతుంది, దీనికి పక్కన తగులుతుంది. మాంగనీసు, కోలిన్, బయోటిన్ లోటుతో రావచ్చు, దెబ్బతో రావచ్చు. కాలును మెల్లగా వెనక్కి చాపి, దాన్ని బొటనవేలితో గాడిలోకి తోసి, మళ్లీ మడవాలి. చదవడానికి తేలికే. మొదటిసారి మీరు చేయకండి, చూపించుకుని నేర్చుకోండి. ఒకటి రెండు రోజులు దాటితే మళ్లీ గాడిలో పడటం కష్టం.

*దారం చుట్టుకుంటే:* గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, గోళ్ల కత్తెరతో ఒక్కో పోగూ తెంచండి. లాగొద్దు. వేలు నల్లబడి చల్లగా ఉంటే డాక్టరు పని.

*అరికాలిలో నల్ల గట్టు, వాపు:* గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి పది నిమిషాలు పాదం ముంచి ఉంచండి, ఆ నీళ్లు తాగనివ్వొద్దు, విరేచనాలవుతాయి. ఆరబెట్టి, టీ రంగులోకి పలచన చేసిన బెటాడిన్ రాసి, పలచటి కట్టు గుడ్డ (గాజ్) చుట్టండి. ఆ నల్ల గట్టును బ్లేడుతో తీసే వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకోకండి.

*కీలు దగ్గర కాకుండా ఎముక మధ్యలో వంగితే:* విరిగింది. టవల్‌ను గూడులా మడిచి, అందులో కదలకుండా కూర్చోబెట్టి తీసుకెళ్లండి. సరిగ్గా కట్టు పడితే పిల్లల ఎముకలు రెండు మూడు వారాల్లో అతుక్కుంటాయి.

నొప్పి చూడలేక మన మాత్రలు వేయొద్దు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను ఎలా పాడు చేసి చంపిందో తెలుసు కదా, 2006లో పశువులకు దాన్ని నిషేధించింది అందుకే. పక్షికి ఏ నొప్పి మందైనా బరువు చూసి డాక్టరు రాయాలి.

నిలబడలేని పిల్లకు, నీళ్లు

రోజంతా పొట్ట మీద పడుకుంటే రొమ్ము దగ్గర పుండు పడుతుంది. పాత బనీను ముక్కకు కాళ్లు దూరేలా రెండు చిల్లులు చేసి, బకెట్ అంచులకు క్లిప్పులతో ఉయ్యాలలా కట్టండి, పాదాలు అడుగును తాకీ తాకనట్టు ఉండాలి. ఇరవై నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. మేత గిన్నె ఎదురుగా ఉంటే గొడవ చేయదు.

నాకు అన్నిటికంటే నమ్మకం ఈత మీదే. నీళ్లలో బరువు పోతుంది, కాలు తనంతట తను ఆడుతుంది. టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, మీ చెయ్యి పొట్ట కింద, మొదట ఐదు నిమిషాలు. తల్లి లేని పిల్ల ఒంటికి తల్లి ఈకల నూనె అంటదు కాబట్టి నూగు తడిసిపోతుంది. తీసిన వెంటనే తుడిచి బల్బు కింద పెట్టాలి. బాతు కదా అని చెరువులో వదిలిన పిల్లలు తడిసి, చల్లబడి మునిగిపోతాయి.

ఒంటరిగా ఉంటే ఏడుస్తూ తిండి మానేస్తుంది, చిన్న అద్దం పెట్టండి, వీలైతే తోడు పిల్లను తెండి. కాస్త నడక వచ్చాక మీ వెనకే పరిగెడుతుంది. ఇంట్లో అందరికీ చెప్పండి, పాదాలు ఈడ్చుకుంటూ నడవమని. నా మూడో పిల్ల కాలు నిజంగానే విరిగింది, మా తమ్ముడి చెప్పు కింద. పిల్లలు దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు వద్దు.

ఎవరికి చూపించాలి

దగ్గరి పశువుల ఆసుపత్రిలో ఆవులు, మేకలే ఎక్కువ. బాతు పిల్లను చూసి నవ్వినా పట్టించుకోకండి. ఏం తిన్నది, ఎన్నాళ్లుగా కుంటుతోంది, వేలు నొక్కితే లాక్కుందా అని కాగితం మీద రాసుకెళ్తే నవ్వు ఆగి వైద్యం మొదలవుతుంది. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉంది. సరిహద్దు దాటి వెళ్లగలిగితే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పశువైద్య కళాశాల ఉంది. దూరం వెళ్లేటప్పుడు పెట్టెకు గాలి చిల్లులు, లోపల గుడ్డ చుట్టిన వేడి నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు.

పది రోజులు సరిగ్గా చేశాక కూడా మేత ముట్టకుండా, రోజురోజుకీ బరువు తగ్గుతుంటే డాక్టరును నొప్పి లేకుండా పంపించమని అడగడం తప్పు కాదు. కాళ్లు వంకరగా ఉండి, తిని, ఈది, కేకలేసే పిల్ల మాత్రం ఆ లెక్కలో రాదు. మా పెరట్లో విల్లు కాళ్ల బాతు ఇప్పటికీ ఉంది. పక్కింటి అప్ప రోజూ సాయంత్రం దానికి నూకలు తెచ్చి వేస్తుంది. నేను గిన్నెలో అడుగున బి-కాంప్లెక్స్ నీళ్లు పోసి ఉంచుతాను, ఆవిడకు చెప్పను.